మూడు పకారాల పేరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, పిల్లకి పేరు పెట్టి చూడు అని కూడా అని ఉండాల్సింది. ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టి నెల కావస్తోంది, పేరు మాత్రం తేలలేదు. ఎవరి నోటికొచ్చింది వాళ్ళు పిలుస్తున్నారు. ఒకరు బుజ్జి అంటే ఒకరు చిట్టి అంటున్నారు. పిల్ల దేనికీ పలక్కుండా హాయిగా నిద్రపోతోంది.

పేర్లకి కరువొచ్చి కాదు. పెట్టబోయే పేరు పిల్ల తండ్రి నోట పలకాలి. చిక్కంతా అక్కడొచ్చింది.

పిల్ల తండ్రి రొట్టెల బట్టీలో పనివాడు. చిన్నప్పట్నుంచీ నత్తి. అన్ని అక్షరాలతోనూ కాదు. కొన్నిటితో సర్దుకుపోతాడు, కొన్నిటితో చిన్న చిన్న పేచీలు. 'ప'తో మాత్రం పుట్టు వైరం. ఆ అక్షరం కోసం పెదాలు రెండూ కలిశాయంటే ఇక విడిపోవు. మెడనరం ఉబ్బుతుంది, కళ్ళు మూతపడతాయి, ఎదుటివాళ్ళు ఎక్కడ చూడాలో తెలీక నేల చూపులు చూస్తారు. ఖర్మ కొద్దీ అతని సొంత పేరే పకారంతో మొదలవుతుంది. అందుకని ఎవరైనా పేరడిగితే "రొట్టెల మేస్త్రినండీ" అని తప్పించుకునేవాడు. అలా అతని పేరు రొట్టెల మేస్త్రి అయిపోయింది. ఇప్పుడు అసలు పేరు చెప్పినా ఎవరూ నమ్మరు.

భార్య అతనికి పూర్తిగా ఎదురు. బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఏ వైపు వచ్చిందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. ఊరంతా ఆమెని మైకమ్మ అంటారు. కంచు గొంతు. ఆమె ఒకసారి చెప్పిందంటే చెవిటివాడికి కూడా బస్సు తప్పదని బస్టాండులో నవ్వుకునేవాళ్ళు.

వీళ్ళిద్దరికీ ముడి ఎలా పడిందని అందరికీ ఆశ్చర్యమే. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికెళ్ళేవాళ్ళు. అతను రోజూ వంతెన దగ్గర దిగి, బస్సు వచ్చిన దారినే వెనక్కి నడుచుకుంటూ పోయేవాడు. ఎండనక, వాననక. చూసీ చూసీ ఉండబట్టలేక ఒకరోజు మైకమ్మ అడిగేసింది.

"ఏమండీ, వెనక్కే వెళ్ళాలంటే ముందు స్టాపులోనే దిగొచ్చుగా?"

అతనికి "ఆ స్టాపుకీ నాకూ పడదండీ" అనడానికి చాలాసేపే పట్టింది. మధ్యలో 'పడదు' దగ్గర బస్సు కదిలి వెళ్ళిపోయింది కూడా. అయినా అతను ఆపలేదు. మాట పూర్తిచేసి, తన మీద తనే పకపకా నవ్వాడు. టికెట్ కోసం చెప్పాల్సిన ఆ స్టాపు పేరు 'పాత మార్కెట్' అని గుర్తొచ్చి ఆమె కూడా నవ్వింది. తనూ బస్సు దిగిపోయి ఉన్నానని అప్పుడుగానీ ఆమెకి తెలియలేదు.

పెళ్ళయ్యాక ఇద్దరి వాటా మాటలూ ఆమే మాట్లాడటం మొదలుపెట్టింది. దుకాణంలో, ఫోన్లో, చుట్టాల ముందు. అతను మొదటి అక్షరం దగ్గర ఆగితే చాలు, మిగతా మాట ఆమె అందించేది. అతనెప్పుడూ విసుక్కోలేదు. పెళ్ళాం మాట అందించడం మొగుడికి గొడుగు పట్టడం లాంటిదేనని ఆమె అనుకునేది.

అలాంటి ఇంట్లో పాప పుట్టింది. పేరు పెట్టే భారం ఆమె అన్నయ్య నెత్తినేసుకున్నాడు. ఆయన కారు డ్రైవింగ్ నేర్పే మాస్టారు. ఎవరింట్లో ఏ పనున్నా పక్క సీట్లో కూర్చుని నడిపించడం ఆయనకి అలవాటు.

"ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముందే!" అన్నాడు చెల్లెలితో. "రెండంటే రెండక్షరాలు. అచ్చుతో మొదలవ్వాలి. నోరు తెరిస్తే చాలు, పేరు దానంతటదే జారి బయట పడాలి. బావా, ఇటు కూర్చో. 'ఆశ' అను."

"ఆశ" అన్నాడు మేస్త్రి.

"శభాష్. 'ఉమ'?"

"ఉమ."

"కాస్త వేగం పెంచు. 'ఇల'?"

"ఇల."

"చూశావుటమ్మా, బ్రేకు పడకుండా వచ్చింది!" అన్నాడు మాస్టారు.

మేస్త్రి తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది. కొడుకు బళ్ళో చేరిన రోజునుంచి వాడి బదులు పేరు చెప్పింది, వాడి బదులు జవాబులు చెప్పింది, వాడిని వెక్కిరించిన వాళ్ళతో వాడి బదులు పోట్లాడింది. "ఇల. ఎంత తేలిగ్గా వచ్చిందిరా నాన్నా! పిల్లని పిలవడానికైనా నువ్వు కష్టపడక్కర్లేదు. ఇదే ఖాయం చేసేద్దాం" అంది.

మేస్త్రి నవ్వాడు. "అలాగే" అన్నాడు.

అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు, మైకమ్మ తప్ప. ఆ నవ్వు ఆమెకి తెలుసు. పెళ్ళైన కొత్తల్లో అతని బట్టల బీరువా తెరిస్తే అన్నీ ఎర్ర చొక్కాలే కనిపించాయి. ఎరుపంటే ప్రాణమేమో అనుకుంది. ఎప్పుడో మాటల్లో తెలిసింది, అతనికి ఇష్టమైంది పసుపు రంగని. దుకాణంలో 'పసుపు' అనలేక, ఎర్రది కట్టించుకుని వచ్చేవాడు. వస్తూ ఇలాగే నవ్వేవాడు.

మర్నాడు మేస్త్రి పనినుంచి వచ్చేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చింది. బట్టీ పని తెల్లవారక ముందే మొదలై పొద్దెక్కేసరికి ముగుస్తుంది. మోచేతుల దాకా పిండి కడుక్కున్నా, కనుబొమల్లో ఎప్పుడూ ఇంకాస్త మిగిలే ఉంటుంది. మైకమ్మ వంటింట్లో గిన్నెలు తోముతూ, "వచ్చారా? కాఫీ ఇస్తానుండండి" అంది. అతను నేరుగా పిల్ల దగ్గరికి వెళ్ళాడు.

గిన్నెల చప్పుడు ఆగిన సందులో ఆమెకి మాటలు వినిపించాయి. ఎవరో వచ్చారనుకుంది. తడి చేతులతో తలుపు దగ్గరకొచ్చి చూస్తే ఎవరూ లేరు. మేస్త్రి పిల్ల మంచం మీదకి వంగి ఉన్నాడు.

"లేచావా అమ్మా? పాలు తాగావా? ఇవాళ పిండి ఎంత బాగా పొంగిందో తెలుసా, గిన్నె మీది బట్టనే పైకెత్తేసింది. నువ్వు కూడా అలాగే పెరగాలి. వింటున్నావా, పొద్దుపొడుపువెన్నెలా?"

మైకమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఒక్క మాట తడబడలేదు. పాలు, పిండి, పొంగు, పైకి, పెరుగు! అతను జీవితంలో తప్పించుకు తిరిగిన అక్షరాలన్నీ వరసగా, కాలవలో నీళ్ళలా పోతున్నాయి. నెల రోజుల పసిగుడ్డు ముందు అతనికి నత్తి లేదు. ఆ పిల్ల అతని మాటకోసం తొందరపడదు, జాలిపడదు. కళ్ళు విప్పార్చుకుని ఊరికే చూస్తుంది.

"ఆ పేరు ఎక్కడిదండీ?" అంది మైకమ్మ.

అతను ఉలిక్కిపడి తలెత్తాడు. చెప్పబోయాడు. పెదాలు కలిశాయి, అంతే, బిగుసుకున్నాయి. ఆమె నోరు అలవాటుగా తెరుచుకుంది. ఎందుకో ఆరోజు మూసుకుంది. తడి చేతులు చీరకి తుడుచుకుని, అతనికెదురుగా నేలమీద కూర్చుంది.

చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆసుపత్రిలో ఆమెని లోపలికి తీసుకెళ్ళాక అతను వరండాలో నిలబడ్డాడట. వరండాకి ఒక చివర కిటికీ, ఇంకో చివర తలుపు. కిటికీలోంచి దిగిపోతున్న చందమామ వెలుగు నేల మీద తెల్లగా పరుచుకుని ఉందట. తలుపువైపునుంచి ఎర్రగా పొద్దు పొడుస్తోందట. రెండు వెలుగులూ నేలమీద ఒకదానికొకటి ఎదురొస్తుంటే, ఇన్నేళ్ళుగా తెల్లవారకముందే లేచేవాడు కూడా అలాంటిది ఎన్నడూ చూడలేదట. సరిగ్గా అప్పుడే లోపలినుంచి ఏడుపు వినిపించింది.

"అప్పుడే... వచ్చేసింది. ఆ పేరు. నేను వెతకలేదు."

మైకమ్మ ఆ పేరుని ఒకసారి మెల్లిగా అనుకుని చూసింది. మైకులో రోజంతా ఊళ్ళ పేర్లు చెప్పే నోరు ఆమెది. ఇంత పొడుగు పేరు, ఇంత అందమైన పేరు ఆ నోట ఎప్పుడూ పలకలేదు. వెంటనే అందులోని అక్షరాలు వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"పేరు బంగారంలా ఉందండీ. కానీ ఇందులో ఒకటి కాదు, మూడు పకారాలున్నాయి! బడికెళ్ళినా, వైద్యుడి దగ్గరికెళ్ళినా 'మీ పాప పేరేంటి' అని మిమ్మల్నే అడుగుతారు. రోజూ మీకు ఈ బాధ ఎందుకు? ఇల కూడా బాగానే ఉందిగా?"

మేస్త్రి పిల్ల కాలి వేళ్ళని ఒక్కొక్కటే సవరిస్తూ మాట్లాడాడు. ఆగాడు, తడబడ్డాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. మైకమ్మ ఒక్క అక్షరం కూడా అందించలేదు.

"నేను... పాలు లేని కాఫీ తాగుతాను. ఎందుకో తెలుసా? పాలు పొయ్యమని అడగలేక. ఎర్ర చొక్కా వేసుకుంటాను. ఇంటికి దూరంగా దిగి నడుస్తాను. ఇన్నాళ్ళూ నాకు కావలసింది అడగలేదే. నా నోటికి సరిపడేది అడిగాను. దీనికి కూడా అలాగే పెట్టమంటావా? నా నోటికి సరిపడే కూతుర్ని కన్నానా నేను?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆవేళ మొట్టమొదటిసారి కాఫీలో పాలు పోసి తెచ్చి అతని చేతికిచ్చింది.

ఆదివారం అందరూ భోజనానికొచ్చినప్పుడు పేరు మారిందన్న సంగతి తెలిసింది. మైకమ్మ చెప్పబోతే అతను వద్దని చెయ్యి అడ్డం పెట్టి, తనే చెప్పాడు. చెప్పడం పూర్తయ్యేసరికి మాస్టారి చేతిలో అన్నం ముద్ద ఆరిపోయింది.

"అది పేరా, రైలుబండా బావా?" అన్నాడు ఆయన. "నువ్వు పిలవడం పూర్తయ్యేలోగా పిల్ల వీధి దాటి వెళ్ళిపోతుంది! పిట్ట కొంచెం, పేరు ఘనం అంటే ఇదే. వెన్నెల అని పెట్టు, సరిపోతుంది. ముందున్నదంతా ఎందుకు?"

"వెన్నెల రోజూ రాత్రి వస్తుంది" అన్నాడు మేస్త్రి. "ఇది ఆరోజే వచ్చింది."

తల్లి మాత్రం నవ్వలేదు. పళ్ళెం పక్కకి జరిపింది. "నవ్వుతార్రా. నీ పేరడిగి, నువ్వు చెప్పలేకపోతే బళ్ళో పిల్లలంతా బల్లలు కొట్టి నవ్వారు. ఇంటికొచ్చి నా ఒళ్ళో పడి ఏడ్చావు. నీకు గుర్తులేదేమో, నాకుంది. ఏరి కోరి మళ్ళీ అదే గోతిలో పడతానంటావేం?"

మేస్త్రి లేచి వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు. "నాకూ గుర్తుందమ్మా" అన్నాడు. "నవ్వనీ. నేను చెప్పేదాకా నవ్వుతారు. చెప్పాక... పేరు ఉంటుందిగా."

ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. వాడు ఇంతకు ముందెప్పుడూ తనకి ఎదురు చెప్పలేదు. చివరికి "నీ కూతురు, నీ ఇష్టం" అని గొణిగి, "ఇంకోసారి అను, నేను నేర్చుకోవాలిగా" అంది.

పుట్టిన పిల్లల పేర్లు నమోదు చేసే కార్యాలయానికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. కారు నడపాలన్న వంకతో మాస్టారు కూడా బయల్దేరాడు. బయల్దేరే ముందు మైకమ్మ ఒక చీటీమీద పేరు గుండ్రంగా రాసి మొగుడి జేబులో పెట్టబోయింది. "అవసరమైతే ఇవ్వండి, తప్పేం లేదు" అంది. అతను చీటీ చదువుకుని, మురిసిపోయి, మడతపెట్టి అలమరలో పెట్టేశాడు.

"కాయితం ఇస్తే... కాయితం పెట్టిన పేరు అవుతుంది. నేను పెట్టాలి."

కార్యాలయంలో పొడుగాటి వరస ఉంది. కిటికీ వెనక కళ్ళజోడు గుమాస్తా తలెత్తకుండా రాసుకుపోతున్నాడు. చెడ్డవాడేం కాదు, పొద్దుట్నుంచీ అవే ప్రశ్నలు అడిగి అడిగి అలిసిపోయిన మనిషి. వీళ్ళ వంతు వచ్చింది. ఊరూ, తేదీ, తల్లిదండ్రుల వివరాలూ ఆసుపత్రి కాయితం చూసి రాసుకున్నాడు.

"పాప పేరు?"

మేస్త్రి కిటికీకి దగ్గరగా జరిగాడు. పెదాలు కలిశాయి.

మైకమ్మ పిల్లని ఎత్తుకుని పక్కనే ఉంది. అతని మెడనరం ఉబ్బడం ఆమెకి కనిపిస్తోంది. వెనక ఎవరో దగ్గారు. ఎవరో చెప్పు నేలకేసి రుద్దారు. "అబ్బ, పేరు తెలీకుండానే వచ్చారా ఏమిటి" అని ఒక గొంతు వినిపించింది. మాస్టారికి అది భరించడం చేతకాలేదు. "నేను చెప్తానండీ..." అని ముందుకి వంగాడు. మైకమ్మ ఖాళీగా ఉన్న చేత్తో అన్నయ్య మణికట్టు పట్టుకుంది. గట్టిగా, గాజులు గుచ్చుకునేలా. ఆయన చెల్లెలి వంక చూసి నోరు మూసుకున్నాడు.

నిజానికి ఆమె పట్టుకున్నది తనని తనే. పేరంతా నాలుక చివర ఉంది. మైకుంటే ఆ భవనమంతా మారుమోగేలా చెప్పగలదు. చెప్పకుండా నిలబడటం ఆమె చేసిన పనులన్నిటిలోకీ కష్టమైన పని అయింది.

"పొ... పొద్దు... పొ..."

అతను కళ్ళు మూసుకోలేదు. ఎప్పుడూ మూతపడే కళ్ళు ఈసారి గుమాస్తా మొహం మీదే ఉన్నాయి. నుదుటిన చెమట పట్టింది. ఆగాడు. వదల్లేదు. మొదటినుంచి ఎత్తుకున్నాడు. చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి మాట ఒక్కసారిగా వదులై, "...వెన్నెల!" అని గట్టిగా బయటపడింది.

"వెన్నెల. మంచి పేరు" అని గుమాస్తా రాసుకున్నాడు. ముద్ర కోసం చెయ్యి చాపాడు.

మాస్టారు నిట్టూర్చాడు. ఇంకెవరైనా అయితే అక్కడితో సరే అనేవాళ్ళు. ఎర్ర చొక్కా కట్టించుకుని నవ్వుతూ ఇంటికొచ్చే మనిషి తప్పకుండా సరే అనేవాడు.

"కాదండీ" అన్నాడు మేస్త్రి.

గుమాస్తా తలెత్తాడు.

"అది కాదు. ఇంకా ఉంది. మళ్ళీ చెప్తాను."

ఎవరూ దగ్గలేదు. గుమాస్తా ముద్ర పక్కన పెట్టి, కలం తీసి పట్టుకున్నాడు. మేస్త్రి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి తేలిక అవుతుందనుకుంటే పొరపాటు, ఇంకా కష్టమైంది. ఒక్కొక్క పకారం దగ్గరా నిలబడ్డాడు. బిగిసిన పిండిని పిసికేవాడు ఎలా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అరిచేతులు ఆనించి ఒత్తుతాడో అలా ఆ మాటని ఒత్తుకుంటూ వచ్చాడు. పొద్దు. పొడుపు. వెన్నెల. మూడూ బల్లమీద పెట్టాడు. గుమాస్తా ఒక్కొక్క ముక్కా రాసి, తల ఊపుతూ తరవాతి దానికోసం ఎదురు చూశాడు.

"పొద్దుపొడుపువెన్నెల" అని చదివాడు చివరికి. "ఇదేనా?"

"అదేనండీ."

"ఈ గీత మీద పట్టలేదండీ. చివరక్షరం కిందకి వచ్చింది."

"రానివ్వండి" అన్నాడు మేస్త్రి.

వెనక నిలబడ్డ ముసలాయన ఒకరు "ఎంత చక్కటి పేరు!" అన్నాడు. బయటికొచ్చాక మాస్టారు కారు తాళాలు చేతిలో పట్టుకుని చాలాసేపు తలుపు తియ్యలేదు. "బావా" అన్నాడు, "నా దగ్గర నేర్చుకునే వాళ్ళు ఒక్కసారి బండి ఆగిపోతే దిగి పారిపోతారయ్యా. నువ్వు..." అని, మిగతా మాట తనకే దొరక్క కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మైకమ్మ మాత్రం దారిపొడుగునా ఏమీ మాట్లాడలేదు. ఆమెని అలా చూడటం అదే మొదటిసారి కనక, ఒంట్లో బాగాలేదేమోనని అన్నయ్య కంగారుపడ్డాడు. ఆమె మొగుడి పక్క మొహాన్నే చూస్తోంది. ఇన్నేళ్ళు గొడుగు పట్టాననుకుంది. ఈ మనిషి వానలో నడవగలడని ఇవాళే తెలిసింది.

ఆ తరవాత అతని నత్తి పోయిందా అంటే, పోలేదు. ఇప్పటికీ ఉంది. పాపని వీధిలోంచి పిలవాలంటే ఇప్పటికీ గుమ్మంలో నిలబడి కుస్తీ పడతాడు. కానీ ఎన్నడూ పేరు కురచ చెయ్యలేదు. మిగతా ఊరంతా వెన్నెల అనో, పొద్దు అనో సగం సగం పిలుస్తుంది. ఆ పిల్ల సగానికి పలకదు. విచిత్రమేమిటంటే ఇప్పుడు ఆ పేరుని అందరికంటే రాగం తీసి పూర్తిగా పిలిచేది డ్రైవింగ్ మాస్టారే. ఎవరైనా పొట్టి చేస్తే "అది పేరయ్యా, మధ్యలో దిగిపోవడానికి బస్సు కాదు" అని దెబ్బలాడతాడు.

పాపకి బడికెళ్ళే వయసొచ్చింది. కొత్తగా చేరిన రోజు పంతులమ్మ హాజరు పిలుస్తూ ఈ పేరు దగ్గరికొచ్చి ఆగింది. ఒకసారి చదవబోయి తడబడింది, రెండోసారి మధ్యలో చిక్కుకుంది. పిల్లలంతా గొల్లున నవ్వారు. పంతులమ్మ మొహం ఎర్రబడింది.

అప్పుడు ముందు వరసలోంచి పాప లేచి నిలబడిందట. నవ్వే పిల్లలవైపు తిరిగి చూసి, మళ్ళీ పంతులమ్మతో చెప్పిందట.

"తొందరేం లేదు టీచర్. మెల్లిగా అనండి. మా నాన్నకి కూడా టైం పడుతుంది. నేను ఆగుతాను."

సాయంత్రం పిల్లని తీసుకురావడానికి వెళ్ళిన మైకమ్మకి పంతులమ్మే ఈ సంగతి చెప్పింది. చెప్తూ, "ఇంతవరకూ నా కోసం ఎవరూ అలా ఆగలేదండీ" అంది.

మైకమ్మ ఇంటికొచ్చేసరికి మేస్త్రి పెరట్లో బట్టలు ఆరేస్తున్నాడు. ఆమె అక్కడికే వెళ్ళి, తడి బట్టల మధ్య నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది. అతను చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని విన్నాడు. నీళ్ళు కాళ్ళ మీద కారుతున్నా కదల్లేదు.

"ఏమంది?" అన్నాడు చివరికి. "మళ్ళీ చెప్పు."

మైకమ్మ దుప్పటి రెండో అంచు అందుకుని, మొదటినుంచీ మళ్ళీ చెప్పింది.